రామన్ మన వైజాగ్ వాడేనా? ఓ శాస్త్రవేత్త వంశం కథను నిగ్గు తేల్చే పద్ధతి

పోయిన సంక్రాంతికి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మావయ్య ఓ ఫార్వర్డ్ పెట్టారు. "సర్ సి.వి. రామన్ మన విశాఖలో పుట్టిన తెలుగుబిడ్డ. వారి ఇంటిపేరు చంద్రశేఖర. ఆ వంశస్థులు ఇప్పటికీ వన్ టౌన్‌లోనే ఉన్నారు. గర్వంగా షేర్ చేయండి." అరగంటలో పద్నాలుగు దండాలు, ఆరు జెండాలు పడ్డాయి. రామన్ చదివిన సెయింట్ అలోషియస్ స్కూలు నాకు తెలుసు కాబట్టి ఇందులో కొంత నిజం ఉందని అర్థమైంది. ఎంత అన్నదే తెలీదు. "అంత డౌటుంటే నువ్వే తేల్చు" అన్నారు మావయ్య.

రెండు నెలలు పట్టింది. మధ్యలో మా సొంత వంశం గురించి కూడా ఓ సంగతి బయటపడింది, అది తర్వాత చెప్తాను. రామన్‌కైనా, న్యూటన్‌కైనా, మీ ముత్తాతకైనా పద్ధతి ఇదే.

మొదటి పని: వాక్యాన్ని ముక్కలు చెయ్యండి

ఆ ఫార్వర్డ్ చూడ్డానికి ఒక్క మాటలా ఉంది గానీ అందులో నాలుగున్నాయి. ఎక్కడ పుట్టాడు, ఏ భాష మనుషులు, ఇంటిపేరేమిటి, ఇప్పుడున్న వారసులెవరు. నాలుగింటికీ వేర్వేరు రుజువులు కావాలి. ఒకటి నిజమైనంత మాత్రాన మిగతావి నిజం కావు. కానీ ఇలాంటి మెసేజుల్లో జరిగేది అదే. ఒక నిజం టికెట్టు కొనుక్కుని బస్సెక్కుతుంది, దాని వెనకాలే మూడు అబద్ధాలు టికెట్టు లేకుండా ఎక్కేస్తాయి.

ఒక కాగితం తీసుకుని ముక్కకో వరుస రాయండి. పక్కన రెండు గళ్ళు గీయండి: "ఎవరు చెప్పారు", "ఎప్పుడు చెప్పారు". అవి ఖాళీగా ఉన్నంతసేపూ ఆ ముక్క మీద ఏ అభిప్రాయానికీ రాకండి.

మొదటి ముక్క తేలిగ్గానే తేలింది. రామన్ పుట్టింది 1888 నవంబరు 7న, తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో, తల్లి పార్వతి అమ్మాళ్ పుట్టింట్లో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ వాళ్ళది తంజావూరు జిల్లా. ఆయన లెక్కలు, ఫిజిక్సు చెప్పే మేష్టారు. 1892లో విశాఖలోని ఏ.వి.ఎన్. కాలేజీలో ఉద్యోగం వచ్చి కుటుంబంతో ఇక్కడికి వచ్చారు. అప్పటికి రామన్‌కి మూడేళ్ళో నాలుగేళ్ళో. స్కూలు సెయింట్ అలోషియస్‌లో, పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్, ఆ తర్వాత ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. తండ్రి పాఠాలు చెప్పే కాలేజీలోనే. అది అయ్యాక మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళిపోయారు.

అంటే "పెరిగారు, చదువుకున్నారు" నిజం. "పుట్టారు" తప్పు.

ఇక్కడో సంగతి గమనించండి. మన వైపు కాన్పుకి పుట్టింటికి పంపడం ఆనవాయితీ. కాబట్టి పుట్టిన ఊరు చాలాసార్లు తండ్రి ఊరూ కాదు, కాపురం ఊరూ కాదు, అమ్మమ్మగారి ఊరు. పుట్టిన ఊరిని పట్టుకుని వంశాన్ని చెప్పేస్తే అక్కడే పప్పులో కాలేసినట్టు. ఉద్యోగం కూడా ఇంతే. రామన్ అన్నగారి కొడుకు, నోబెల్ తెచ్చుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1910లో లాహోర్‌లో పుట్టారు. తండ్రి ప్రభుత్వ లెక్కల శాఖలో పని చేస్తూ అప్పుడు అక్కడ ఉన్నారు, అంతే. ఆయన్ని ఎవరూ పంజాబీ అనరు కదా!

రెండో పని: పేరు దగ్గర ఆగండి

నాకు అన్నిటికంటే సరదాగా అనిపించింది "ఇంటిపేరు చంద్రశేఖర" అన్న ముక్క. అది రాసినవాడు పక్కా తెలుగువాడు, సందేహం లేదు. మనకి పేరు ముందుండే అక్షరం చూడగానే ఇంటిపేరు అనిపిస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు అంటే యల్లాప్రగడ ఇంటిపేరే. తమిళుల లెక్క అది కాదు. అక్కడ ముందు వచ్చేది మామూలుగా తండ్రి పేరు, కొన్నిసార్లు దానికి ముందు ఊరి పేరు. చంద్రశేఖర వెంకట రామన్‌లో చంద్రశేఖర అంటే తండ్రి చంద్రశేఖర అయ్యర్. అన్నగారి పేరు సి. సుబ్రహ్మణ్య అయ్యర్, ఆ సి కూడా తండ్రిదే. సుబ్రహ్మణ్య అయ్యర్ కొడుకు దగ్గరికి వచ్చేసరికి ముందక్షరం మారిపోయి ఎస్. చంద్రశేఖర్ అయింది. ఎస్ అంటే తండ్రి, చంద్రశేఖర్ అంటే తాత పేరు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకీ ఉన్నదేగా.

ముందక్షరం తరానికోసారి మారిపోతుంటే "చంద్రశేఖర వంశం" అనేది ఎక్కణ్ణించి వస్తుంది? విశాఖలో ఆ ఇంటిపేరుతో ఎవరైనా ఉన్నా, ఈయనతో సంబంధం ఉందనడానికి ఆ పేరొక్కటే ఆధారం కాలేదు. దీంతో మూడో ముక్క పోయింది, రెండోది కూడా చాలావరకు సడలింది. ఇంట్లో మాట్లాడింది తమిళం, పేరు కట్టిన తీరు తమిళం, అమ్మ వైపూ నాన్న వైపూ కావేరి ఒడ్డు.

ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకో తలనొప్పి. దీనికి మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉంది. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో విశాఖలో తన సొంత ఖర్చుతో నక్షత్రశాల, అంటే అబ్జర్వేటరీ, కట్టించారు. ఆయన 1856లో పోయాక దాన్ని నడిపింది అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు ఇక్కణ్ణించి చూసి, ఆ వివరాలు లండన్ పంపారు. ఆయన భార్య ఇచ్చిన విరాళంతో ఉన్న కాలేజీకే మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ అన్న పేరు వచ్చింది. రామన్ తండ్రి పాఠాలు చెప్పింది అందులోనే. రోజూ ఏ.వి.ఎన్. కాలేజీ డౌన్ దిగే మనలో ఎంతమందికి ఆ మూడక్షరాలు ఓ ఖగోళ శాస్త్రజ్ఞుడివని తెలుసో!

ఆ నర్సింగరావుగారి కోసం నేను ఇంగ్లీషులో మామూలు స్పెల్లింగుతో వెతికితే ఏమీ రాలేదు. అప్పటి పత్రికలు ఆయన పేరుని, మనం హాస్పిటల్ నర్సింగ్‌కి రాసే స్పెల్లింగుతో మొదలుపెట్టి, చివర రావుని 'రో' అన్నట్టు రాశాయి. జగ్గారావుగారిది 'జగ్గరో' అయింది. విశాఖపట్నం 'వైజాగపటం' అయింది. అలా కొట్టగానే వరసగా దొరికాయి. కాబట్టి వెతికేముందు ఆ పేరుని ఓ తెల్లదొర చెవితో విని ఎలా రాసుంటాడో అయిదారు రకాలుగా రాసుకోండి.

ఇంకొకటి. నక్షత్రశాల మామగారి నుంచి అల్లుడికి వెళ్ళింది. అల్లుడి ఇంటిపేరు వేరు. "జగ్గారావు, ఆయన కొడుకు నర్సింగరావు" అని ఎక్కడైనా కనిపిస్తే, ఆ రాసినవాళ్ళు మూలం చూడలేదని గుర్తు. ఆస్తి వెళ్ళిన దారీ రక్తం వెళ్ళిన దారీ ఒకటే కానక్కర్లేదు.

మూడో పని: తెలిసినవాళ్ళ నుంచి వెనక్కి, ఒక్కో మెట్టు

మహానుభావుడి దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ మన దాకా రావడం అందరూ చేసే తప్పు. అలా వస్తే దారి ఎప్పుడూ మనింటికే చేరుతుంది, ఎందుకంటే మనం చేరాలనుకున్నదే అక్కడికి. తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో తరానికి "ఈమె ఫలానావారి కూతురు" అని చెప్పే కాగితం ఒకటైనా ఉండాలి. మధ్యలో ఒక్క మెట్టుకి కాగితం లేకపోతే గొలుసు అక్కడికి ఆగినట్టే. పైన ఎంత గొప్పవాడున్నా సరే.

మా సొంత సంగతి చెప్తానన్నాను కదా. ఈ పద్ధతి వంటబట్టడానికి ముందు మా ఇంటి మీదే ప్రయోగం చేశాను. అమ్మ బీరువా పైఅరలోంచి ఓ పాత దస్తావేజు తీసింది. నాలుగు మడతలు, మడతల దగ్గర కాగితం జాలీలా చిరిగిపోయి ఉంది. ఎవరో వెనకాల పల్చటి గుడ్డ అంటించారు. నీలం సిరా వెలిసి గోధుమ రంగుకి తిరిగింది. మూడో వరుసలో మా ముత్తాత పేరు, దాని ముందు "ఫలానావారి దత్తపుత్రుడు" అని. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అమ్మ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. మేం ఇన్నాళ్ళూ మా ఇంటిపేరుతో ముడిపెట్టి చెప్పుకున్న పెద్దలందరూ మాకు దత్తత వల్ల వచ్చిన పెద్దలు. రక్తం వేరే ఊరి నుంచి వచ్చింది. అందులో చిన్నతనమేమీ లేదు, చట్టం ప్రకారమూ శాస్త్రం ప్రకారమూ దత్తుడు కొడుకే. కానీ "వంశం" అన్న మాటకి అసలు ఏ అర్థంలో జవాబు వెతుకుతున్నామో ముందే తేల్చుకోవాలని ఆ మూడో వరుస నేర్పింది.

నాలుగో పని: కాగితాలు ఎక్కడుంటాయో తెలుసుకోండి

ఇంగ్లండులో అయితే చర్చిల్లో బాప్తిజం, పెళ్ళి, సమాధి వివరాలు 1538 నుంచి రాయమన్నారు. 1841 నుంచి జనాభా లెక్కల్లో మనుషుల పేర్లతో సహా ఉంటాయి. మనకి ఆ వైభోగం లేదు. 1886లో జనన మరణాల నమోదుకి చట్టం వచ్చింది గానీ నమోదు ఐచ్ఛికం. దేశమంతా తప్పనిసరి చేసింది 1969 చట్టం. అందుకే 1888లో పుట్టినవారి బర్త్ సర్టిఫికెట్టు ఫోటో ఎవరైనా పంపితే ముందు దాన్నే అనుమానించండి. స్కూలు రిజిస్టర్లున్నాయి గానీ పుట్టినరోజు విషయంలో జాగ్రత్త. మేష్టార్లు చాలామందికి జులై 1 రాసేశారు. మా నాన్నకీ అదే, ఆయన తమ్ముడికీ అదే.

మరి మనకేం ఉన్నాయి? ఆస్తి దస్తావేజులు అన్నిటికంటే నమ్మదగ్గవి. డబ్బు చేతులు మారేటప్పుడు తండ్రి పేరు తప్పు రాయించుకోరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించి, అందులో కనిపించిన దస్తావేజు నంబరుతో నకలు అడగండి. 1953 దాకా విశాఖ మద్రాసు రాష్ట్రంలో భాగం కాబట్టి పాత ప్రభుత్వ కాగితాల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ దాకా వెళ్ళాల్సి రావచ్చు. పాత పుస్తకాలకి ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం, యూనివర్సిటీలోని వి.ఎస్. కృష్ణా లైబ్రరీ ఉన్నాయి. అక్కడ లైబ్రేరియన్‌తో "రామన్ గురించి" అని కాకుండా "1890 నుంచి 1903 దాకా విశాఖ కాలేజీల గురించి" అని అడిగితే ఎక్కువ దొరుకుతుంది.

ఇంట్లోనే ఇంకో మూలం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తద్దినం. పిండం పెట్టేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత మూడు తరాల పేర్లు గోత్రంతో సహా చెప్పిస్తారు, తల్లి వైపు కూడా. ఏటేటా చెప్పే పేర్లు కాబట్టి అంత తొందరగా చెరగవు. కాశీ, గయల్లో పండాల దగ్గర వంశాల పుస్తకాలుంటాయి, మీవాళ్ళు ఎప్పుడైనా వెళ్ళుంటే అడిగి చూడండి. ఇవి కాక వంశాలు పాడే భట్రాజులూ వంశరాజులూ ఉన్నారు. వాళ్ళకి నోటికి వచ్చినన్ని పేర్లు ఏ కాగితంలోనూ ఉండవు. అయితే పొగిడి బహుమానం పుచ్చుకోవడం ఆ వృత్తిలో భాగమని మరిచిపోకండి.

అయిదో పని: చెప్పినవాడు ఎవడు, ఎప్పుడు చెప్పాడు

పుట్టినప్పుడు రాసిన కాగితం వేరు, నూరేళ్ళకి రాసిన వ్యాసం వేరు. పది వెబ్‌సైట్లలో ఒకే వాక్యం కనిపిస్తే పది సాక్ష్యాలు కావు. ఒకరి నోట్సు చూసి తొమ్మిదిమంది కాపీ కొట్టినట్టు. కనిపెట్టడానికి సులువైన మార్గం తప్పు. ఓ అక్షర దోషం అన్నిట్లోనూ ఒకేలా ఉంటే అవన్నీ ఒకే పుట్టలోంచి వచ్చాయి.

రామన్ విషయంలో ఒక మంచి మూలం ఉంది. లండన్ రాయల్ సొసైటీ తన సభ్యులు పోయాక వాళ్ళ జీవితం గురించి వివరంగా రాయిస్తుంది. రామన్ 1970లో పోయాక ఆయన గురించి రాసింది సూరి భగవంతం. రామన్ శిష్యుడు, తెలుగువాడు, వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్సు ప్రొఫెసరుగా చేసినవాడు. రామన్‌ని తెలుగువాడని చెప్పుకోవడానికి ఎవరికైనా అవకాశమూ కోరికా ఉంటే ఈయనకే ఉండాలి. అలాంటివాడు చెప్పని మాట ఫార్వర్డ్ చెప్తోందంటే, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆలోచించండి.

శాస్త్రవేత్త సొంత మాటైనా వేదం కాదు. న్యూటన్‌నే తీసుకోండి. 1705లో సర్ బిరుదు వచ్చాక వంశవృక్షం ఒకటి రాసి ఇంగ్లండులో బిరుదులు చూసే ఆఫీసుకి ఇచ్చాడు. అందులో తమది లింకన్‌షైర్ వంశం అన్నాడు. మరి ముసలితనంలో మాత్రం, తన పూర్వీకులు స్కాట్లండు నుంచి వచ్చారని ఓ మిత్రుడితో అన్నట్టు చెప్తారు. ప్రకృతి సూత్రాలు తేల్చినవాడికి తాతముత్తాతలు తేలలేదు. తండ్రి న్యూటన్ పుట్టక ముందే పోయాడు, పాపం, చెప్పేవాళ్ళెవరు?

ఆరో పని: వేళ్ళు మడిచి లెక్కపెట్టండి

"మేం న్యూటన్ సంతతి" అనేవాళ్ళు ఇంగ్లండులో ఇప్పటికీ తగులుతుంటారట. లెక్కే అక్కర్లేదు. న్యూటన్ పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. దగ్గరి బంధువులంటే తల్లి రెండో పెళ్ళి వల్ల కలిగిన సవతి చెల్లెళ్ళూ తమ్ముడి వైపు వాళ్ళు. ఓ చెల్లెలి కూతురు కేథరిన్ బార్టన్, ఆమె కూతురు పెళ్ళాడి వెళ్ళిన ఇల్లు పోర్ట్స్‌మత్ ప్రభువులది. న్యూటన్ కాగితాలు చాలావరకు ఆ దారినే వాళ్ళ ఇంటికి చేరాయి. "సంతతి", "బంధువులు" రెండూ ఒకటి కావు, అక్కడే చాలా కథలు జారిపోతాయి.

పిల్లలున్నవాళ్ళ విషయంలో తరానికి పాతికేళ్ళ నుంచి ముప్ఫై వేసుకోండి. మూడొందల ఏళ్ళంటే పది, పన్నెండు తరాలు. ఎవరైనా అయిదు పేర్లతో మూడు వందల ఏళ్ళు దాటేస్తే మధ్యలో సగం మంది కనబడకుండా పోయినట్టు. పది తరాల వెనక ఒక్కొక్కరికీ లెక్క ప్రకారం 1,024 మంది పెద్దలుంటారు. మన వైపు మేనరికాల వల్ల ఆ సంఖ్య తగ్గుతుంది. ఒకే తాత రెండు వైపుల నుంచీ వస్తాడు. అంతమందిలో ఒకడు గొప్పవాడైతే మనలో ఆ గొప్పతనం ఎంత మిగిలిందో మీరే ఊహించుకోండి.

ఏడో పని: డీఎన్ఏ దేనికి పనికొస్తుందో చూడండి

ఈ మాట వినగానే జనం చేతులు కట్టుకుంటారు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ కథ వింటే దాని బలం, హద్దు రెండూ తెలుస్తాయి. 2005లో పోలండులోని ఫ్రోంబోర్క్ చర్చి కింద ఓ పుర్రె దొరికింది. అది ఆయనదేనా? పోల్చడానికి సంతానం లేదు. ఆయన ఏళ్ళ తరబడి వాడిన ఖగోళ పుస్తకం ఒకటి యుద్ధాల్లో స్వీడన్‌కి వెళ్ళి ఉప్సాలాలో ఉంది. దాని పేజీల మధ్య వెంట్రుకలు దొరికాయి. వాటిలో రెండింటి డీఎన్ఏ, తల్లి నుంచి వచ్చే భాగం, పుర్రె పంటి డీఎన్ఏతో సరిపోయింది. 2010లో ఆయన్ని మళ్ళీ గౌరవంగా ఖననం చేశారు.

చూడండి, పరీక్ష తేల్చింది "ఈ పుర్రె, ఆ వెంట్రుకలు ఒకే మనిషివి కావచ్చు" అని. పోలండు, జర్మనీ నూట యాభై ఏళ్ళకు పైగా కొట్టుకుంటున్న "ఆయన మావాడు" అన్న గొడవని డీఎన్ఏ ముట్టుకోలేదు, ముట్టుకోగలిగేదీ కాదు. ఎందుకంటే అది రక్తం ప్రశ్న కాదు. ఆయన 1473లో తోరున్‌లో పుట్టాడు. ఆ ఊరు అప్పటికే పోలండు రాజు కింద ఉంది. తండ్రి క్రాకోవ్ నుంచి వచ్చిన వ్యాపారి, తల్లి తోరున్‌లోని జర్మన్ మాట్లాడే ఇంటి ఆడపిల్ల. ఆయన రాసినవి లాటిన్‌లో, కొన్ని జర్మన్‌లో ఉన్నాయి, పోలిష్‌లో ఒక్కటీ దొరకలేదు. ఇటలీలోని బొలోన్యాలో చదివేటప్పుడు జర్మన్ విద్యార్థుల సంఘంలో చేరాడు. మళ్ళీ ఓల్ష్టిన్ కోటని పోలండు రాజు తరఫున ట్యుటానిక్ సైనికుల (జర్మన్ క్రైస్తవ యోధుల దళం) నుంచి కాపాడాడు. ఇప్పటి పాస్‌పోర్టు ఆయన జేబులో పెట్టబోతే పట్టదు. మన రామన్‌కీ అంతే. 1892లో విశాఖ, తిరుచిరాపల్లి రెండూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ. అప్పుడు ఆయన వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు కాదు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి ఉద్యోగానికి వచ్చిన మేష్టారి కొడుకు.

చివరి పని: తేలింది తేలినంతే రాయండి

నా కాగితం మీద చివరికి మిగిలినవి ఇవి. విశాఖలో పుట్టారు: తప్పు. ఇక్కడ పెరిగి చదివారు: ఖాయం. తెలుగు వంశం: ఆధారం లేదు, ఉన్న ఆధారాలన్నీ తమిళానికే. ఇంటిపేరు చంద్రశేఖర: తప్పు. వన్ టౌన్‌లో వారసులు: తెలీదు. "తప్పు", "ఆధారం లేదు", "తెలీదు" మూడూ వేర్వేరు జవాబులు, వాటిని కలిపెయ్యకండి. పెద్దవాళ్ళకి పంపేటప్పుడు ఖాయమైన ముక్క ముందు పెట్టండి. మావయ్యకి నేను "మీరన్నట్టు రామన్‌గారు ఏ.వి.ఎన్.లోనే చదివారు మావయ్యా" అని మొదలుపెట్టాను. తిట్లు సగం తగ్గాయి.

"తెలీదు" అన్నదాన్ని వదలబుద్ధి కాక వన్ టౌన్ వెళ్ళాను. అడగ్గా అడగ్గా ఓ పెద్దాయన దొరికారు. ఎనభై దాటినవారు, వీధరుగు మీద పేపరు చదువుతున్నారు. వారసులా అంటే నవ్వారు. "వారసులం కాదు బాబూ, మా తాతగారూ రామనూ ఒకే బెంచీ" అన్నారు. అంటే ఒకే బెంచీ అన్న మాట మూడు వీధులు దాటేసరికి ఒకే వంశం అయింది. ఆ బెంచీకైనా రుజువుందా అని అడిగాను, అలవాటైపోయింది కదా. తాతగారి మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్టు ఇనప్పెట్టెలో ఉందట. తాళంచెవి అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి దగ్గరుంది. దసరాకి వస్తాడట.